వీలునామాలో మనుషులు: అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో వారసత్వం, బానిసత్వం
(స్మారకోపన్యాస పాఠం)

గతించినవారి పేరును నిలపడం స్మారకోపన్యాసాల ఉద్దేశం. ఇంటిపేరు పెట్టుకునే హక్కును, తల్లిదండ్రులు ఫలానావారని కోర్టులో చెప్పుకునే హక్కును, రెక్కల కష్టంతో కూడబెట్టినదాన్ని పిల్లలకు ఇచ్చిపోయే హక్కును చట్టమే లాగేసుకున్న లక్షలాది మనుషుల చరిత్రను ఇటువంటి సభలో తలచుకోవడం సముచితం. 1861 నుంచి 1865 వరకు సాగిన అంతర్యుద్ధానికి ముందు, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని ఆస్తిపర కుటుంబాలు భూములతోను, పశువులతోను పాటు మనుషులను కూడా తరం నుంచి తరానికి ఎలా అప్పగించుకున్నాయో, ఆ పంపకాల్లో బానిసల కుటుంబాలు ఏమైపోయాయో పరిశీలించడం ఈ ఉపన్యాసం విషయం.

అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెచ్చినప్పటి నుంచి అమెరికా బానిసత్వం తెలుగు పాఠకులకు పరాయి విషయం కాదు. అయితే ఆ వ్యవస్థ అనగానే సాధారణంగా ఓడ, కొరడా, వేలంపాట గుర్తుకొస్తాయి గాని, న్యాయస్థానంలో దాఖలైన వీలునామా గుర్తుకు రాదు. 1808లో విదేశాల నుంచి బానిసల దిగుమతిని అమెరికా నిషేధించింది. అయినా 1790లో సుమారు 7 లక్షలుగా ఉన్న బానిసల సంఖ్య 1860 జనగణన నాటికి 39,53,760కి చేరింది. ఈ పెరుగుదలలో అత్యధిక భాగం పుట్టుకల వల్ల వచ్చినదే. పుట్టిన ప్రతి శిశువూ అప్పటికే ఎవరో ఒకరి ఆస్తిగా పుట్టింది. ఆ ఎవరో ఒకరు చనిపోయిన రోజున మరొకరి ఆస్తిగా మారింది. యజమాని దయగలవాడైనా, వారసులు మర్యాదస్తులైనా, ఎవరూ చెయ్యెత్తి కొట్టకపోయినా, చట్టప్రకారం ఆస్తి పంచుకోవడం ఒక్కటే తల్లీబిడ్డలను విడదీయడానికి చాలినంత కారణమైందన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదన.

చట్టం ఏర్పరచిన పునాది

వర్జీనియా వలస రాజ్య శాసనసభ 1662లో ఒక చట్టం చేసింది. బిడ్డ స్వేచ్ఛాపరుడా బానిసా అన్నది తల్లి స్థితిని బట్టి నిర్ణయమవుతుందని దాని సారాంశం. తండ్రిని బట్టి సంతానం హోదాను నిర్ణయించే ఇంగ్లండ్ సంప్రదాయానికి ఇది పూర్తిగా విరుద్ధం. దీనివల్ల రెండు ఫలితాలు కలిగాయి. బానిస స్త్రీ సంతానమంతా, చెట్టుతో పాటు కాయ అన్నట్టుగా, ఆమె యజమానికే దక్కింది. యజమాని తానే ఆ బిడ్డకు తండ్రి అయినా, ఆ బిడ్డ అతని వారసుల్లో ఒకరు కాకుండా అతని వారసత్వంలో ఒక భాగమైంది.

మనిషి ఆస్తి అయినప్పుడు అది ఏ రకం ఆస్తి అన్న ప్రశ్న వచ్చింది. 1705లో వర్జీనియా బానిసలను వారసత్వం విషయంలో స్థిరాస్తిగా ప్రకటించింది. ఆ శతాబ్దం చివరికి అదే రాష్ట్రం వారిని చరాస్తిగా మార్చింది. దక్షిణ కరొలైనా 1740 నాటి చట్టంలోనే వారిని చరాస్తిగా పేర్కొంది. లూయిజియానా, కెంటకీ రాష్ట్రాలు చాలాకాలం స్థిరాస్తిగానే పరిగణించాయి. ఈ వర్గీకరణ న్యాయవాదుల సూక్ష్మ చర్చగా కనిపించవచ్చు గాని, బానిసల బతుకులు దీనిమీదే ఆధారపడ్డాయి. చనిపోయిన వ్యక్తి బాకీలను ముందుగా చరాస్తి నుంచి తీర్చాలన్నది ఇంగ్లండ్ నుంచి వచ్చిన న్యాయసూత్రం కాబట్టి, బానిసలను చరాస్తిగా లెక్కించిన చోట యజమాని అప్పులకు మొదట బలయ్యేది పొలం కాదు, ఆ పొలం దున్నే మనిషి.

వారసత్వ చట్టాల్లో వచ్చిన సంస్కరణలు కూడా ఇటువంటి ఫలితాన్నే ఇచ్చాయి. అమెరికా విప్లవానంతరం, పెద్ద కొడుకుకే భూమి దక్కే జ్యేష్ఠ వారసత్వ పద్ధతిని వర్జీనియా 1785లో రద్దు చేసింది. వీలునామా లేకుండా చనిపోయినవారి ఆస్తి పిల్లలందరికీ సమానంగా చెందాలన్న ఈ మార్పును ప్రజాస్వామిక సంస్కరణగా చరిత్ర గ్రంథాలు కొనియాడాయి, అది న్యాయమే. కాని ఆస్తిలో మనుషులున్నప్పుడు, యజమాని పిల్లల మధ్య ఎంత సమానంగా పంచితే బానిసల కుటుంబాలు అన్ని ముక్కలయ్యేవి. పొలం కొడుకులకు, బానిసలు కూతుళ్ళకు అన్న అలవాటు చాలా కుటుంబాల్లో ఉండేది. పెళ్ళయిన కూతురు తనకు అరణంగా వచ్చిన బానిస పిల్లను తీసుకుని భర్తతో అలబామాకో మిసిసిపీకో తరలిపోతే, ఆ పిల్ల తల్లి వర్జీనియాలోనే ఉండిపోయేది.

1839లో మిసిసిపీ రాష్ట్రం వివాహిత స్త్రీలకు సొంత ఆస్తి హక్కు కల్పిస్తూ చట్టం చేసింది. అమెరికా స్త్రీల హక్కుల చరిత్రలో అదొక తొలి మెట్టుగా ప్రసిద్ధం. కాని ఆ చట్టంలోని నిబంధనల్లో అధిక భాగం భార్య పేరిట ఉన్న బానిసలను భర్త అప్పులవాళ్ళ చేతికి పోకుండా కాపాడటానికి సంబంధించినవే. ఒక స్త్రీకి దక్కిన రక్షణ మరొక స్త్రీ మీద యాజమాన్యానికి దక్కిన రక్షణ అయింది.

ఇక పుట్టబోయే బిడ్డల సంగతి. వీలునామాలు రాసేవారు బానిస స్త్రీ పేరు పక్కన ‘ఆమెకు ఇకముందు కలగబోయే సంతానంతో సహా’ అన్న అర్థమిచ్చే మాటలు చేర్చడం మామూలు. తల్లిని ఒక వారసుడికి, ఆమెకు ఇంకా పుట్టని సంతానాన్ని మరొక వారసుడికి ఇవ్వడం చెల్లుతుందని కెంటకీ న్యాయస్థానం 1823లో తీర్పు చెప్పింది. బానిసల పెళ్ళిళ్ళను ఏ దక్షిణ రాష్ట్ర చట్టమూ గుర్తించలేదు గనుక, పంపకాలలో భార్యాభర్తలను ఒకే వాటాలో ఉంచాలన్న బాధ్యత ఎవరిమీదా లేదు.

యజమాని మరణం, ఆ తరువాత

యజమాని మరణించగానే న్యాయస్థానం ఇరుగుపొరుగు ఆస్తిపరులను కొందరిని మదింపుదారులుగా నియమించేది. వారు ఇల్లంతా తిరిగి, మంచాలు, గిన్నెలు, నాగళ్ళు, గుర్రాలు, పందులతో పాటు బానిసలను కూడా పేరు, వయసు, ధర కట్టి జాబితా రాసేవారు. ముసలివారికి, వికలాంగులకు ధర గడిలో సున్నా వేయడం ఈ జాబితాల్లో తరచు కనిపిస్తుంది. బాకీలు తీరాక మిగిలినవారిని దాదాపు సమాన విలువ గల వాటాలుగా విభజించేవారు. చాలాచోట్ల ఏ వాటా ఎవరికన్నది చీట్లు తీసి తేల్చేవారు. వారసులు మైనర్లయితే, వారు పెద్దవారయ్యేదాకా బానిసలను ఏటేటా కొత్తవాళ్ళకు అద్దెకిచ్చి, ఆ రాబడిని పిల్లల పోషణకు, చదువులకు ఖర్చుపెట్టేవారు.

ఈ ప్రక్రియను లోపలి నుంచి వర్ణించినవారిలో ఫ్రెడరిక్ డగ్లస్ ముఖ్యుడు. మేరీల్యాండ్‌లో అతని యజమాని ఆరన్ ఆంథొనీ 1826 నవంబరులో వీలునామా రాయకుండా మరణించాడు. మరుసటి ఏడాది అక్టోబరులో పంపకం జరిగింది. అప్పటికి బాల్టిమోర్ నగరంలో ఒక ఇంట్లో ఉంటున్న డగ్లస్‌ను, తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి, ధర కట్టడం కోసం పల్లెకు రప్పించారు. ముసలీ ముతకా, ఆడా మగా, పిల్లాజెల్లా అందరినీ గుర్రాలతో, గొర్రెలతో, పందులతో ఒకే వరుసలో నిలబెట్టి ఒకే రకంగా పరీక్షించారని అతను తన ఆత్మకథలో రాశాడు. అక్కడ నిలబడినవారి భయమంతా వారసుల్లో ఒకడైన ఆండ్రూ గురించే. అతను తాగుబోతు, క్రూరుడు. చివరికి డగ్లస్ మరొక వాటాలో పడి బాల్టిమోర్‌కు తిరిగి వెళ్ళాడు; అక్కడి జీవితం అతని చదువుకూ, 1838లో జరిగిన పలాయనానికీ దారితీసింది. పందొమ్మిదో శతాబ్దపు మహావక్తల్లో ఒకడి జీవితం ఏ దిక్కుకు మళ్ళాలో నిర్ణయించినవి, తనకు నోరెత్తే అవకాశమే లేని ఒక పంపకపు కాగితంలోని వాటాలు.

బాకీల వల్ల జరిగిన నష్టం ఇంతకన్నా ఎక్కువ. దక్షిణ కరొలైనాలో అంతర్యుద్ధానికి ముందు దశాబ్దాల్లో జరిగిన బానిస విక్రయాల్లో సగం దాకా న్యాయస్థానాల ఉత్తర్వుల మీద, అంటే మరణించినవారి ఆస్తి పరిష్కారం కోసమో అప్పుల వసూలు కోసమో జరిగినవేనని చరిత్రకారుడు థామస్ రస్సెల్ అంచనా వేశారు. దేశాధ్యక్షుడిగా పనిచేసిన థామస్ జెఫర్సన్ ఉదాహరణ అందరికీ తెలిసినది. 1773లో మామగారు జాన్ వేల్స్ మరణించినప్పుడు అతనికి భార్య ద్వారా 135 మంది బానిసలు, వారితో పాటు మామగారి అప్పులు సంక్రమించాయి. ఆ 135 మందిలో భార్యకు సవతి తోబుట్టువులైన హెమింగ్స్ కుటుంబీకులు కూడా ఉన్నారు. 1826 జులై 4న జెఫర్సన్ మరణించేనాటికి అప్పు లక్ష డాలర్లు దాటింది. వీలునామాలో అతను విముక్తి ఇచ్చింది ఐదుగురికి. వారిలో కమ్మరి జో ఫాసెట్ ఒకడు. అతని విముక్తి జెఫర్సన్ మరణించిన ఏడాదికి అమలు కావాలి. ఆ గడువు తీరకముందే, 1827 జనవరిలో, జెఫర్సన్ మాంటిచెలో ఇంటి ముందు జరిగిన వేలంలో అతని భార్య ఈడిత్, పిల్లలు వేరువేరు మనుషులకు అమ్ముడుపోయారు. దేశాధ్యక్షుడి భవనంలో ఫ్రెంచి వంట నేర్చిన వంటమనిషి ఆ ఈడిత్. కొడుకు పీటర్‌కు అప్పటికి 11 ఏళ్ళు. జో ఫాసెట్ తరువాత తన తల్లి సాయంతో భార్యను, కొందరు పిల్లలను తిరిగి దక్కించుకోగలిగాడు. పీటర్‌కు స్వేచ్ఛ రావడానికి మాత్రం మరో రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఒక కుటుంబం, నూట ఐదేళ్ళు

ఒకే కుటుంబపు ఆస్తి పత్రాలను తరం వెంట తరం చదివితే ఈ వ్యవస్థ స్వరూపం మరింత స్పష్టమవుతుంది. వర్జీనియాలో సంపన్నుడైన డేనియల్ పార్క్ కస్టిస్ 1757లో వీలునామా లేకుండా మరణించాడు. చట్టప్రకారం వితంతువు మార్తాకు అతని ఆస్తిలో మూడో వంతు మీద జీవితకాల అనుభవ హక్కు వచ్చింది. అంటే ఆమె బతికినంతకాలం దాని ఫలసాయం అనుభవించవచ్చు గాని అమ్మకూడదు, ఎవరికీ ధారాదత్తం చేయకూడదు; ఆమె తరువాత అది కస్టిస్ వారసులకే చెందుతుంది. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు మన దేశంలో వితంతువులకుండిన పరిమిత హక్కును ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. మార్తా 1759లో జార్జ్ వాషింగ్టన్‌ను పెళ్ళాడినప్పుడు ఈ హక్కు కింద ఉన్న బానిసలు కూడా అతని నిర్వహణలోకి వచ్చారు.

1799లో వాషింగ్టన్ తన మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లోని బానిసల పేర్లతో స్వయంగా ఒక పట్టిక తయారుచేశాడు. మొత్తం 317 మందిలో 123 మంది అతని సొంతం, 153 మంది కస్టిస్ ఎస్టేట్‌కు చెందినవారు, మిగిలినవారు అద్దెకు తెచ్చుకున్నవారు. ఈ రెండు ప్రధాన వర్గాలకు చెందినవారు అప్పటికి నాలుగు దశాబ్దాలుగా ఒకే చోట పనిచేస్తూ, పరస్పరం పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నారు. వాషింగ్టన్ తన వీలునామాలో, భార్య మరణానంతరం తన బానిసలందరికీ విముక్తి ఇవ్వాలని, ముసలివారిని వారసులు పోషించాలని, తల్లిదండ్రుల ఆసరా లేని పిల్లలకు చదవడం, రాయడం నేర్పాలని రాశాడు. చాలా ఏళ్ళు తనకు స్వయంగా సేవ చేసిన విలియం లీకి వెంటనే స్వేచ్ఛనిచ్చి, ఏటా 30 డాలర్ల భృతి ఏర్పాటు చేశాడు. ఆ కాలపు పెద్ద భూస్వాముల్లో ఇంతపని చేసినవారు అరుదు. అయితే ఆ 153 మంది విషయంలో అతని సంతకానికి విలువ లేదు. 1801 జనవరి 1న మార్తా, తన మరణం దాకా ఆగకుండా, భర్త బానిసలను విడిచిపెట్టింది. 1802లో ఆమె చనిపోగానే కస్టిస్ ఎస్టేట్ బానిసలను ఆమె నలుగురు మనుమలు, మనుమరాళ్ళు పంచుకున్నారు. భర్త స్వేచ్ఛ పొంది, భార్యాపిల్లలు బానిసలుగా నాలుగు ఇళ్ళకు చెదిరిపోయిన కుటుంబాలు ఈ విధంగా ఏర్పడ్డాయి. మార్తాకు పూర్తి హక్కుతో సొంతమైన బానిస ఎలిష్ అనే మనిషి ఒక్కడే. అతణ్ణి ఆమె తన వీలునామాలో మనుమడికి రాసింది.

ఆ 153 మందితో పాటు లెక్కలోకి రావలసిన ఒక స్త్రీ 1799 నాటి పట్టికకు మూడేళ్ళ ముందే తప్పించుకుంది. ఓనా జడ్జ్ మార్తాకు ఆంతరంగిక పరిచారిక. తనను మార్తా మనుమరాలు ఎలీజాకు పెళ్ళి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిసి, 1796 మే నెలలో ఫిలడెల్ఫియాలోని అధ్యక్షుడి ఇంటి నుంచి, ఇంటివారు భోజనం చేస్తున్న వేళ, ఆమె వెళ్ళిపోయింది. న్యూహాంప్‌షైర్‌లో పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కన్నది, చదవడం నేర్చుకుంది. ఆమెను రప్పించడానికి వాషింగ్టన్ రెండుసార్లు ప్రయత్నించాడు. ఆమె కస్టిస్ వారసుల ఆస్తి కాబట్టి, తిరిగి రాకపోతే ఆ నష్టాన్ని పూరించవలసిన బాధ్యత కూడా అతని మీద ఉంది. 1848లో మరణించేదాకా చట్టం దృష్టిలో ఆమె బానిసే. స్వేచ్ఛాభూమి మీద పుట్టిన ఆమె పిల్లలు కూడా కస్టిస్ ఎస్టేట్‌కు చెందినవారే.

బానిసలను పంచుకున్న ఆ నలుగురిలో ఒకడైన జార్జ్ వాషింగ్టన్ పార్క్ కస్టిస్ తన వాటాకు వచ్చిన బానిసల చేత పొటోమాక్ నది ఒడ్డున ఆర్లింగ్టన్ భవనాన్ని కట్టించాడు. 1857లో అతను చనిపోయాడు. మనుమరాళ్ళు నలుగురికి తలా 10,000 డాలర్లు ఇవ్వాలని, బానిసలకు ఐదేళ్ళలోపు విముక్తి ఇవ్వాలని వీలునామాలో రాశాడు. దాన్ని అమలుచేసే బాధ్యత అల్లుడు రాబర్ట్ ఇ. లీ మీద పడింది. మనుమరాళ్ళకు ఇవ్వవలసిన సొమ్ము ఎస్టేట్ రాబడి నుంచే రావాలి కాబట్టి, లీ ఆ ఐదేళ్ళూ వారిచేత పనిచేయించాడు, కొందరిని దూరప్రాంతాలకు అద్దెకు పంపాడు. ముసలి యజమాని పోగానే తమకు స్వేచ్ఛ వస్తుందని నమ్మినవారికి ఇది నమ్మకద్రోహంగా తోచింది. 1859లో వెస్లీ నారిస్ అనే యువకుడు, అతని చెల్లెలు, బంధువు ఒకరు పారిపోయి మేరీల్యాండ్‌లో పట్టుబడ్డారు. వెనక్కు తెచ్చి తమను లీ కొరడాలతో కొట్టించాడని నారిస్ 1866లో ప్రచురితమైన వాంగ్మూలంలో చెప్పాడు. 1862 డిసెంబరు 29న, లింకన్ విముక్తి ప్రకటనకు మూడు రోజుల ముందు, లీ విముక్తి పత్రం మీద సంతకం చేశాడు. 1757లో ఒక మనిషి వీలునామా రాయకుండా చనిపోయినందున మొదలైన ఆ వరుస పంపకాలు 105 ఏళ్ళ తరువాత ముగిశాయి.

మాట ఇచ్చిన చేతులు, మాట తప్పిన చేతులు

వీలునామాల ద్వారా స్వేచ్ఛ పొందినవారు ఉన్నారు. అయితే బానిస కోర్టులో దావా వేయగల సందర్భాలు బహు కొద్ది కావడంతో, ఆ వాగ్దానం నిలవడమన్నది వారసుల మంచితనం మీద ఆధారపడింది. బానిసత్వం నుంచి తప్పించుకున్న హారియెట్ టబ్‌మన్ తల్లి రిట్ విషయమే చూడవచ్చు. ఆమె, ఆమె సంతానం 45 ఏళ్ళు వచ్చేదాకా మాత్రమే సేవ చేయాలని మేరీల్యాండ్‌కు చెందిన యజమాని ఆతో ప్యాటిసన్ 1790లలో వీలునామా రాశాడు. వారసులు ఆ షరతును పట్టించుకోలేదు, రిట్‌కు చెప్పనూ లేదు. 1840లలో టబ్‌మన్ ఐదు డాలర్లిచ్చి ఒక న్యాయవాదిచేత పాత పత్రాలు వెతికించినప్పుడు సంగతి బయటపడింది. 1849లో అప్పటి యజమాని మరణించాడు. అప్పులు తీర్చడానికి ఆ కుటుంబాన్ని అమ్ముతారన్న భయంతో టబ్‌మన్ ఉత్తరానికి పారిపోయింది. తల్లిదండ్రులను తరువాత ఆమే స్వయంగా తప్పించింది.

ఉత్తర కరొలైనాలోని ఈడెంటన్ పట్టణంలో హారియెట్ జేకబ్స్‌కు 1825లో ఇంచుమించు పన్నెండేళ్ళు. తనకు చదువు చెప్పిన యజమానురాలు చనిపోతూ తనకు స్వేచ్ఛ ఇస్తుందని ఆశించింది. వీలునామా విప్పితే, యజమానురాలి మూడేళ్ళ మేనకోడలికి తనను రాసిచ్చినట్టు తేలింది. ఆ పసిపిల్ల తండ్రి, వైద్యుడు జేమ్స్ నార్కమ్, ఏళ్ళ తరబడి జేకబ్స్‌ను వేధించాడు. జేకబ్స్ అమ్మమ్మ మాలీ రాత్రుళ్ళు బిస్కెట్లు కాల్చి అమ్మి 300 డాలర్లు కూడబెట్టి, అడిగిందే తడవుగా తన యజమానురాలికి అప్పుగా ఇచ్చింది. యజమానురాలు చనిపోయాక ఆ బాకీ అడిగితే, బానిసకు బాకీ చెల్లించడానికి చట్టం ఒప్పదని ఎస్టేట్ నిర్వాహకుడు జవాబిచ్చాడు. ఆ సొమ్ముతో కొన్న వెండి దీపస్తంభం మాత్రం ఆ కుటుంబంలోనే ఉండిపోయిందని జేకబ్స్ 1861లో ప్రచురించిన ఆత్మకథలో రాసింది. ఆస్తిగా ఉన్న మనిషికి ఆస్తి ఉండకూడదన్న సూత్రం నిత్యజీవితంలో ఎలా అమలైందో ఆ ఒక్క దీపస్తంభం చాటుతుంది.

రక్తసంబంధం ఉన్నా వారసత్వం దక్కేది కాదు. నాన్సీ వెల్స్‌ను ఆమె తండ్రీ యజమానీ అయిన వ్యక్తి ఒహాయో రాష్ట్రానికి తీసుకువెళ్ళి విముక్తి ఇచ్చి, వీలునామాలో కొంత సొమ్ము రాశాడు. ఒహాయో ఇచ్చిన స్వేచ్ఛను తాము గుర్తించబోమని మిసిసిపీ ఉన్నత న్యాయస్థానం 1859లో ఆమె వాదనను తోసిపుచ్చింది. ఆర్లింగ్టన్‌లో కస్టిస్‌కు బానిస స్త్రీ ద్వారా కలిగిన కుమార్తె మరియా సైఫాక్స్‌కు అతను 17 ఎకరాలు ఇచ్చాడు గాని రిజిస్టరు పత్రం ఇవ్వలేదు. యుద్ధకాలంలో ప్రభుత్వం ఆ ఎస్టేటును స్వాధీనం చేసుకున్నప్పుడు ఆ నేల ప్రశ్నార్థకమైంది. 1866లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి దాన్ని ఆమెకు ఖాయం చేసింది. తండ్రి కాగితం మీద పెట్టని సంతకాన్ని ఆమెకోసం ఒక దేశపు శాసనసభ పెట్టవలసివచ్చింది.

పత్రాలను ఎదుటి వైపు నుంచి చదవడం

1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. స్వేచ్ఛ పొందినవారిలో వేలాదిమంది మొదట చేసిన పని తమవారిని వెతుక్కోవడం. ఫిలడెల్ఫియా ‘క్రిస్టియన్ రికార్డర్’, న్యూ ఆర్లియన్స్ ‘సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వకేట్’ వంటి పత్రికల్లో దశాబ్దాల పాటు వారి ప్రకటనలు వచ్చాయి. వాటిలో తమ యజమాని ఫలానావాడని, అతను పోయాక తల్లి ఒక కొడుకు వాటాకు, తాను ఒక కూతురి వాటాకు వచ్చామని, ఆ తరువాత చూసుకోలేదని చెప్పినవి ఎన్నో ఉన్నాయి. పంపకం రోజున ఏమి జరిగిందో అంత సూటిగా చెప్పిన చరిత్ర గ్రంథం లేదు.

వారి నేటి వంశీకులకు ఒక కఠినమైన వాస్తవం ఎదురవుతుంది. 1850, 1860 జనగణనల బానిస పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు వంటి వివరాలు మాత్రమే నమోదయ్యాయి. దాదాపు ఎక్కడా బానిస పేరు లేదు. పేర్లు మిగిలింది ధర కట్టిన జాబితాల్లో, వీలునామాల్లో, వాటా పత్రాల్లో. ఆస్తిని నిక్కచ్చిగా పంచడానికి రాసిన కాగితాలే ఇప్పుడు ముత్తవ్వ పేరు వెతుక్కునేవారికి ఆధారాలయ్యాయి. ధర గడిని పక్కనపెట్టి పేరు గడిని చదివితే, ఆ కాగితాలలో ఒక కుటుంబం ఆస్తి చరిత్రతో పాటు అనేక కుటుంబాల చరిత్ర కనిపిస్తుంది.

ఈ అధ్యయనం నుంచి తేలే నిర్ణయం స్పష్టమైనది. బానిసత్వం కొందరు దుర్మార్గుల వల్ల నిలిచిన వ్యవస్థ కాదు. పిల్లల భవిష్యత్తు కోసం తపించిన తల్లిదండ్రులు, నిజాయితీగా లెక్కలు చూపిన నిర్వాహకులు, సమానంగా పంచిన న్యాయమూర్తులు తమ తమ పనులు సక్రమంగా చేసినందువల్ల నిలిచిన వ్యవస్థ. ఒక చట్టం క్రమబద్ధంగా అమలవుతున్నదన్న కారణంగా అది న్యాయమైనదని భావించకూడదన్న పాఠం ఏ దేశ ప్రజలకైనా అవసరమే.

వర్జీనియా, జార్జియా, టెక్సస్ రాష్ట్రాల్లో నేడు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. వారు నివసించే అనేక కౌంటీల న్యాయస్థానాల్లో ఈ వీలునామాల పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. వర్జీనియా రాష్ట్ర గ్రంథాలయం వంటి సంస్థలు పాత చేతిరాతలను చదివి పేర్లను తిరగరాసే పనిలో సాధారణ పౌరుల సాయాన్ని కోరుతున్నాయి. మౌంట్ వెర్నన్‌ను, మాంటిచెలోను, ఆర్లింగ్టన్‌ను సెలవురోజుల్లో చూసి వచ్చే తెలుగువారు, వారి పిల్లలు ఆ పనిలో పాలుపంచుకుని, ధరల మధ్య చిక్కుకున్న కొన్ని పేర్లనైనా వాటి వారసులకు చేర్చాలని ఈ సభ తరఫున విజ్ఞప్తి.